చార్లెస్ కొరియా: పనిచేసే మనుషుల్ని గమనించి కట్టడాలు గీసిన సికింద్రాబాద్ బిడ్డ

దోర్నపాల్: సుక్మా జిల్లాలోని ఈ ప్రాంతంలో వేసవి పని చాలావరకు కప్పు కింద జరగదు. ఇప్పపూలు వాకిట్లో ఆరతాయి. యాభై ఆకులకు ఒకటిగా కట్టిన తునికాకు కట్టలు కల్లంలో ఎండుతాయి. చింతపండు గింజలు తీసేవాళ్లు చెట్టు నీడ జరిగిన కొద్దీ తామూ జరుగుతారు. వేడి దేశాల్లో ఆకాశం కింది ఖాళీ కూడా గది లాంటిదేనని, ఏ వేళకు ఏ చోటు వాడుకోవాలో జనానికి తెలుసని జీవితమంతా వాదించిన ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా.

ఎవరీ కొరియా?

గోవా మూలాలున్న కుటుంబంలో 1930 సెప్టెంబర్ 1న సికింద్రాబాద్‌లో పుట్టారు. ముంబయి సెయింట్ జేవియర్స్ కాలేజీ తర్వాత అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం, ఎంఐటీల్లో చదివారు. 1958లో ముంబయిలో సొంత ప్రాక్టీసు పెట్టారు. అహ్మదాబాద్‌లోని సబర్మతి ఆశ్రమంలో 1963లో పూర్తయిన గాంధీ స్మారక సంగ్రహాలయం, భోపాల్‌లోని భారత్ భవన్ ఆయనకు పేరు తెచ్చాయి. ఆఫీసుల విషయంలో ఆయన ఆలోచన తెలియాలంటే మాత్రం హైదరాబాద్‌కు రావాలి.

ఈసీఐఎల్ కార్యాలయం ఎందుకు ముఖ్యం?

ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా పరిపాలనా భవనాన్ని ఆయన 1960ల రెండో భాగంలో రూపొందించారు. విదేశీ నమూనాలో అద్దాల పెట్టె కట్టి, లోపలి వేడిని యంత్రాలతో తోడేయడం ఒక పద్ధతి. కరెంటు ఖర్చు భరించలేని దేశానికి అది తగదని కొరియా అభిప్రాయం. అందుకే ఎండను ఆపే పనిని భవనానికే అప్పగించారు. పని చోట్లను నడిమి ఖాళీ చుట్టూ అమర్చి, నీడ కోసం పైన పందిరి లాంటి నిర్మాణం ఇచ్చారు. పల్లెల్లో మండువా ఇల్లు చూసినవారికి ఈ తర్కం కొత్తేమీ కాదు.

ఫుట్‌పాత్ కూడా పని చోటే

ముంబయి దాదాభాయ్ నౌరోజీ రోడ్డుపై పగలు చిరు వ్యాపారులు, రాత్రి నిద్రపోయేవారు ఫుట్‌పాత్‌ను నింపేస్తుంటే, పాదచారులు రోడ్డు మీదికి దిగాల్సివచ్చేది. వాళ్లను తరిమేయాలని అడిగే బదులు, అసలు వాళ్లెవరో కొరియా గమనించారు. రాత్రి పడుకునేవారిలో చాలామంది దిక్కులేనివాళ్లు కాదు. ఆఫీసు ప్యూన్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు. సామాను ఇరుకు గదుల్లో ఉంచుకుని, నిద్రకు మాత్రం బయటికొచ్చేవారు.

దాంతో 1960ల చివర్లో ఒక ప్రతిపాదన చేశారు. ఫుట్‌పాత్ అంచున రెండు మీటర్ల వెడల్పు, అర మీటరు ఎత్తుతో అరుగు కట్టాలి. మధ్యమధ్య నీటి కుళాయిలు పెట్టాలి. పగలు దానిమీద వ్యాపారం సాగుతుంది. సాయంత్రం కడిగేస్తే రాత్రికి పడక అవుతుంది. నడిచేవారికి దారి మిగులుతుంది.

పని ఎక్కడుంటే జనం అక్కడే

1964లో ప్రవీణా మెహతా, శిరీష్ పటేల్‌లతో కలిసి, ముంబయి ఎదురుగా హార్బర్ అవతల కొత్త నగరం కట్టాలని కొరియా సూచించారు. అదే నవీ ముంబయి. 1970 నుంచి 1975 వరకు దాని ప్రధాన ఆర్కిటెక్ట్‌గా ఉన్నారు. ఉద్యోగాలు తరలితేనే జనం తరలుతారన్నది ఆ ప్రణాళికకు ఆధారం. కానీ రాష్ట్ర సచివాలయం దక్షిణ ముంబయిలోనే ఉండిపోయింది. పక్కనే నారిమన్ పాయింట్‌లో సముద్రాన్ని పూడ్చి కొత్త ఆఫీసు టవర్లు లేపారు. ఆఫీసు లోపల కుర్చీ ఎక్కడ వేయాలన్న దానికన్నా, ఆఫీసును ఏ ఊళ్లో పెట్టాలన్న నిర్ణయమే ఎక్కువమంది బతుకుల్ని మారుస్తుందని ఈ అనుభవం చెబుతుంది.

2006లో పద్మవిభూషణ్ అందుకున్న కొరియా 2015 జూన్ 16న ముంబయిలో కన్నుమూశారు.

దోర్నపాల్ లాంటి చోట రేపు ఒక గోదామో, సంత షెడ్డో, కార్యాలయమో కట్టేవారికి ఆయన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. రాజధాని నుంచి వచ్చిన నక్షా విప్పేముందు ఒక రోజంతా అక్కడ కూర్చోవాలి. మధ్యాహ్నం రెండింటికి నీడ ఎటు పడుతోంది, పసిబిడ్డతో వచ్చిన తల్లి ఎక్కడ ఆగుతోంది, బరువు దించుకున్న మనిషి ఎక్కడ కూలబడుతున్నాడు అన్నది రాసుకోవాలి. గీత గీయడం ఆ తర్వాత.