ఎర్రగా కాలినా ఓర్చుకున్న వాల్వు

1912 అక్టోబరులో లీ డి ఫారెస్ట్ తన ‘ఆడియన్’ బుడ్డిని తీసుకెళ్లి ఏటీ అండ్ టీ టెలిఫోన్ కంపెనీ ఇంజినీర్ల ముందు పెట్టాడు. దూరం పోయేకొద్దీ తీగలో ఫోను మాట నీరసించిపోతోంది. దారిలో దానికి బలమిచ్చే సాధనం కోసం కంపెనీ వెతుకుతోంది. ఆడియన్ చిన్న మాటను బాగానే పెంచింది. ఓల్టేజీ కాస్త ఎక్కువ చేసేసరికి మాత్రం బుడ్డి నిండా నీలి కాంతి కమ్ముకుని మాట కాస్తా చెదిరిపోయింది. ఆ తర్వాత దాన్ని పరీక్షించిన హెరాల్డ్ ఆర్నాల్డ్‌కి రోగం ఎక్కడుందో తెలిసిపోయింది. బుడ్డిలో గాలి మిగిలింది. చిత్రమేమిటంటే, లోపల కొంత గ్యాసు ఉంటేనే అది పనిచేస్తుందని డి ఫారెస్ట్ నమ్మకం. 1906లో ఫిలమెంటుకీ ప్లేటుకీ మధ్య గ్రిడ్ పెట్టిన మనిషికే తను చేసిందేమిటో పూర్తిగా అర్థం కాలేదన్నమాట. ఆర్నాల్డ్ ఒకపక్క, జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఇంకోపక్క గాలిని వీలైనంత తోడేశారు. 1913లో టెలిఫోన్ హక్కులను కంపెనీ 50,000 డాలర్లకు కొనుక్కుంది.

వేడెక్కిన ఫిలమెంటు నుంచి ఎలక్ట్రాన్లు లేస్తాయి, ప్లేటు మీదున్న ధన విద్యుత్తు వాటిని లాక్కుంటుంది. కాలువకి తూము తలుపు ఎలాగో, ఈ ప్రవాహానికి గ్రిడ్ అలాగ. గ్రిడ్ మీద ఓల్టేజీ రవ్వంత మారితే ప్లేటు దగ్గర కరెంటు బోలెడంత మారుతుంది. బలం పెంచడమంటే ఇదే.

అప్పటిదాకా రేడియో ట్రాన్స్‌మిటర్లంటే నిప్పురవ్వల యంత్రాలు, ఆర్క్‌లు, గిర్రున తిరిగే ఆల్టర్నేటర్లు. నిప్పురవ్వతో టెలిగ్రాఫ్ చుక్కా గీతా పంపొచ్చు, మాట పంపడం కష్టం. ఆల్టర్నేటర్లు మాత్రం తీసిపారేసేవి కావు. స్వీడన్‌లోని గ్రిమెటన్‌లో 200 కిలోవాట్ల ఆల్టర్నేటర్‌ను ఇప్పటికీ ఏటా తిప్పి మోర్స్‌లో శుభాకాంక్షలు పంపుతారు. కానీ అలాంటి యంత్రానికి ఒక భవనం కావాలి. పైగా అది ఉన్న ఫ్రీక్వెన్సీ దగ్గర్నుంచి పెద్దగా కదలదు.

1915లో ఏటీ అండ్ టీ వాళ్లు వర్జీనియాలోని ఆర్లింగ్టన్ నేవీ స్టేషన్ నుంచి మాటను గాల్లోకి పంపారు. అది ఇటు హోనొలులులో, అటు పారిస్ ఐఫిల్ టవర్ దగ్గర వినిపించింది. అందుకోసం ఆడియన్ లాంటి చిన్న బుడ్లను, అంటే వాల్వులను, ఐదువందల దాకా పక్కపక్కనే పేర్చి కలిపారు. ఒకటి పాడైతే వెతికి మార్చాలి, అంతలో ఇంకోటి పోతుంది. అన్ని చిన్నవాటికి బదులు ఒక్క పెద్ద వాల్వు చేయొచ్చుగా అని ఎవరికైనా అనిపిస్తుంది. కుదరకపోవడానికి కారణం వేడి. ట్రాన్స్‌మిటర్ వాల్వు పుట్టుపూర్వోత్తరాలన్నీ నిజానికి ఈ వేడిని బయటికి పంపే కథే.

వంద వాట్ల కరెంటు ఇస్తే మంచి యాంప్లిఫయర్‌లో అరవై, డెబ్బై వాట్లు యాంటెన్నాకి వెళ్తాయి. మిగతాదంతా ఎలక్ట్రాన్లు గుద్దుకున్న ప్లేటు మీదే వేడిగా మిగులుతుంది. శూన్యంలో గాలి లేదు కాబట్టి ఆ వేడి కిరణాల రూపంలోనే గాజు దాటి పోవాలి. ఎక్కువైతే గాజే మెత్తబడుతుంది. బ్రిటిష్ నేవీ గాజు మానేసి, కరిగించిన సిలికాతో వాల్వులు చేయించుకుంది. మల్లార్డ్ కంపెనీ పుట్టింది ఆ పనిలోంచే. సిలికా ఎంత గట్టిదైనా సమస్య అక్కడే ఉంది, ప్లేటు ఇంకా లోపలే ఉంది.

అసలు మలుపు ప్లేటును బయటికి తేవడం. రాగి గొట్టాన్నే వాల్వు గోడగా చేసి, మిగతా తీగలు బయటికొచ్చే చోట మాత్రం గాజు అతికిస్తే, రాగిని బయటినుంచి నీళ్లతో చల్లార్చొచ్చు. చిక్కల్లా అతుకు దగ్గరే. వేడికి రాగి గాజుకన్నా ఎక్కువ సాగుతుంది. రెండిటినీ కలిపి చల్లారనిస్తే గాజు పగిలి, శూన్యం పోతుంది. వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో విలియం హౌస్‌కీపర్ అతుకు దగ్గర రాగి అంచును కాగితమంత పలచగా చేశాడు. అంత పలచని రాగి తన బలంతో గాజును లాగలేదు, గాజు ఎటు కదిలితే అటే వంగుతుంది. ఇద్దరి మధ్య తగువులో బలమైనవాణ్ణి బలహీనపరిచి తీర్పు చెప్పాడాయన. నా దృష్టిలో గ్రిడ్ తర్వాత ఈ చరిత్రలో ఇంతటి తెలివి ఇంకొకటి లేదు. నిపుణులు దాటి ఆ పేరు పెద్దగా ఎవరికీ తెలియకపోవడం అన్యాయమే.

1920లలో నీటితో చల్లార్చే వాల్వులొచ్చాయి. ప్లేటు మీద వేల ఓల్టులుంటాయి, దాన్ని తాకుతూ నీళ్లు పారాలి. అందుకే మామూలు నీళ్లు కాకుండా డిస్టిల్డ్ వాటర్, అదీ పొడవాటి చుట్టల గొట్టంలో. నీళ్లలో ప్రయాణం ఎంత పొడుగైతే కరెంటు అంత తక్కువ పారిపోతుంది.

ఈ దారి శిఖరం 1934లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కనిపించింది. సిన్సినాటీ డబ్ల్యూఎల్‌డబ్ల్యూ కేంద్రం కోసం 500 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ కట్టారు. మే 2న అధ్యక్షుడు రూజ్వెల్ట్ వైట్‌హౌస్‌లోనే మీట నొక్కి ప్రారంభించాడు. ఒక్కోటి దాదాపు ఐదడుగుల పొడవుండే 100 కిలోవాట్ల వాల్వులు ఇరవై: పన్నెండు యాంటెన్నా వైపు, ఎనిమిది మాటను ఎక్కించే మాడ్యులేటర్‌లో. వేడి నీళ్లు చల్లారడానికి భవనం ముందు కొలను తవ్వారు. చుట్టుపక్కల ఇళ్లలో చూరు గొట్టాల్లోంచి పాటలు వినపడ్డాయని అప్పటి జనం చెప్పుకున్నారు. మిగతా స్టేషన్లు గోల పెట్టడంతో 1939లో దాన్ని మళ్లీ 50 కిలోవాట్లకు దించేశారు.

అదే 1934లో కాలిఫోర్నియాలో ఇంకో దారి తెరుచుకుంది. బిల్ ఐటెల్, జాక్ మెక్‌కలో అనే ఇద్దరు హామ్‌లు, అంటే సరదాకి సొంత రేడియో నడుపుకునే కుర్రాళ్లు, ఐమాక్ కంపెనీ పెట్టారు. హామ్‌కి కొలనెక్కడిది? వాళ్ల జవాబు సూటిగా ఉంది: ప్లేటు ఎర్రబడితే పడనీ. కిరణాల రూపంలో పోయే వేడి, నిరపేక్ష ఉష్ణోగ్రత రెట్టింపైతే పదహారు రెట్లవుతుంది. కాబట్టి ఎంత ఎర్రగా కాలితే అంత తేలిగ్గా వేడిని వదిలించుకుంటుంది. వాళ్లు వాడిన టాంటలం లోహానికి ఇంకో గుణముంది, వేడెక్కినప్పుడు మిగిలిన గ్యాసును అదే పీల్చేసుకుంటుంది. అంటే ఎర్రబడిన ప్లేటు శూన్యాన్ని చెడగొట్టకపోగా బాగుచేస్తుంది.

వాల్వు ట్రాన్స్‌మిటర్‌ను ట్యూన్ చేసినవాళ్లకి ఈ ఎరుపుతో పరిచయముంటుంది. ప్లేట్ కెపాసిటర్ నాబ్ తిప్పుతుంటే మీటరు ముల్లు ఒక చోట కిందికి దిగుతుంది. ఆ ‘డిప్’ పట్టుకుని లోడింగ్ పెంచాలి, మళ్లీ డిప్ చూడాలి. తప్పితే ప్లేటు రంగు మారుతుంది, మారగానే చెయ్యి వెనక్కొస్తుంది. కొన్ని సెకన్ల గడువిస్తుందన్నమాట. తొలినాళ్ల పవర్ ట్రాన్సిస్టర్లు ఆ గడువిచ్చేవి కావు, యాంటెన్నా తీగ ఊడితే రెప్పపాటులో పోయేవి.

1970లలో మన దేశపు హామ్‌లు సొంతంగా కట్టుకున్న సెట్లలో 807 వాల్వు బాగా కనిపించేది. పాతిక వాట్ల వేడి తట్టుకునే ప్లేటు, నెత్తిన లోహపు టోపీ, దాని మీద ఆరువందల ఓల్టుల దాకా. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పనిచెయ్యమనే జాగ్రత్త ఆ టోపీ లాంటివాటి వల్లే. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రంతో సహా మన ఆకాశవాణి కేంద్రాలు దశాబ్దాలపాటు వాల్వుల మీదే నడిచాయి. బెంగళూరు బీఈఎల్ 1967లో ట్రాన్స్‌మిటర్ వాల్వుల తయారీ మొదలుపెట్టింది.

కాస్త వెనక్కి వెళ్తే, 1936లో బెల్ ల్యాబ్స్‌కి చెందిన విలియం డోహర్టీ కరెంటు ఆదా చేసే ఒక ఏర్పాటు చేశాడు. ఒక వాల్వు ఎప్పుడూ పనిచేస్తుంది, మాట గట్టిగా లేచినప్పుడు మాత్రం రెండోది తోడొస్తుంది. ఆ ఏర్పాటే ఇవాళ ట్రాన్సిస్టర్లతో సెల్ టవర్లలో నడుస్తోంది. వాల్వు పోయినా దాని ఆలోచన పోలేదు.

వాల్వుల నుంచి ట్రాన్సిస్టర్లకు మారడం తిరుపతి దగ్గర గాదంకిలో మొత్తం ఒకే ఆవరణలో జరిగింది. పై వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ 1990ల తొలినాళ్లలో 53 మెగాహెర్ట్జ్‌లో మొదలైంది. ట్రయోడ్ వాల్వుల ట్రాన్స్‌మిటర్లు 32, ఒక్కోటి 15 నుంచి 120 కిలోవాట్ల దాకా. 1024 యాగీ యాంటెన్నాల నుంచి మొత్తం రెండున్నర మెగావాట్ల పీక్ పవర్. తర్వాత ఆ వాల్వులను తీసేసి, ప్రతి యాంటెన్నాకీ ఒక కిలోవాట్ చొప్పున 1024 ట్రాన్సిస్టర్ మాడ్యూళ్లు పెట్టారు. ఒకటి పాడైతే రాడార్ ఆగదు, పుంజాన్ని కూడా కావలసినప్పుడు కావలసిన వైపు తిప్పుకోవచ్చు.

అయినా లక్షల వాట్లు ఒకే పరికరం నుంచి, ఆగకుండా కావాలంటే వాల్వే దిక్కు. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ ఫ్యూజన్ రియాక్టర్‌లో ప్లాస్మాను రేడియో తరంగాలతో వేడిచేయడానికి మన దేశం ట్రాన్స్‌మిటర్లు ఇవ్వాలి, ఒక్కోటి రెండున్నర మెగావాట్లు. గుజరాత్‌లో ఐటర్-ఇండియా ఇంజినీర్లు పరీక్షించిన ట్రాన్స్‌మిటర్ల చివరి స్టేజిలో ఉన్నవి టెట్రోడ్, డయాక్రోడ్ వాల్వులే. ఆ ప్లేట్ల చుట్టూ ఇవాళ్టికీ నీళ్లే తిరుగుతున్నాయి.