గూడుబండీ, పడవతాడూ, బాటరీ ట్రక్కూ

మా అక్క కొడుకు అమెరికాలో ఉంటాడు. కిందటి వేసవిలో వాడొక బాటరీ ట్రక్కు కొన్నాడు. కొన్నవాడు ఊరుకోకుండా దాని వెనక తగిలించుకుని తిరగడానికి ఒక ఇల్లు అద్దెకు తెచ్చుకున్నాడు. ఇల్లంటే నిజంగా ఇల్లే సుమండీ! మంచాలూ, పొయ్యీ, ఫ్రిజ్జూ, స్నానాల గదీ అన్నీ చక్రాల మీదే. తీరా బయల్దేరాక ఫోన్ చేసి, "పిన్నీ! మూడొందల మైళ్ళు పోవాల్సిన బండి, ఇల్లు తగిలించేసరికి నూటయాభైకే చతికిలబడుతోంది" అని వాపోయాడు.

నాకు నవ్వొచ్చింది. "లాగడమంటే ఏమిటో మా అమ్మమ్మ ఉంటే నీకు చెప్పేదిరా" అన్నాను.

మా అమ్మమ్మ కాలువ గట్టు మీది పిల్ల. బెజవాడ దగ్గర కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. కాటన్ దొర ఆలోచన, కెప్టెన్ ఓర్ పనితనం. ఆ కాలువలు పొలాలకు నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. సీతానగరం దగ్గర మొదలైన నీరు దుగ్గిరాల లాకుల దగ్గర చీలిపోతుంది. తెనాలి ఊళ్ళోంచి ఈనాటికీ మూడు కాలువలు పోతున్నాయి. కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా పోయి బకింగ్‌హామ్ కాలువతో చేతులు కలుపుతుంది. 1876–78 నాటి కరువులో కూలిజనం చేత తవ్వించి కలిపిన భాగాలతో ఆ బకింగ్‌హామ్ కాలువ పూర్తయింది. 1878లో దానికి అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. అలా మన డెల్టాలో పడవెక్కినవాళ్ళు నీళ్ళ మీదే మద్రాసు చేరేవాళ్ళు.

మా అమ్మమ్మ కాపరానికి పడవలోనే వెళ్ళింది. సారె పడవ! బిందెలూ, గంగాళాలూ, భోషాణం, పరుపులూ, అరిసెల డబ్బాలూ, మధ్యలో పద్నాలుగేళ్ళ పెళ్ళికూతురూ. గాలి వాలుగా ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళట. ఎదురుగాలైతే ఇద్దరు మనుషులు గట్టు మీదికి దిగి, తెరచాప కొయ్యకు కట్టిన పొడుగాటి తాడు భుజాన వేసుకుని, వంగి వంగి నడిచేవాళ్ళట. టన్నుల బరువు, ఇద్దరు మనుషులు! నీళ్ళ మీద నెమ్మదిగా పోయేదాన్ని లాగడానికి అంత బలం అక్కర్లేదని ఇప్పుడు మనం సైన్సు పాఠం చెప్పుకుంటాం. అక్కర్లేదన్నది లెక్కలో. "వాళ్ళ భుజాల మీద తాడు ఒరిపిడికి కాయలు కాసి, నల్లగా కమిలిపోయి ఉండేవే! నా సారె వాళ్ళ భుజాల మీద నడిచింది" అనేది అమ్మమ్మ, ఎన్నాళ్ళయినా ఆ మాట మరిచిపోకుండా.

ఆ పడవలకు పోటీ అప్పటికే వచ్చేసింది. బెజవాడ–మద్రాసు రైలుమార్గం 1899లో కలిసింది. 1916లో గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు కూడా రైలు వచ్చింది. చిత్రమేమిటంటే, ఆ 1899లోనే ఫ్రాన్సులో ఒక కారు మొట్టమొదటిసారి గంటకు నూరు కిలోమీటర్లు దాటింది. అది పెట్రోలు కారనుకుంటున్నారా? కాదు, బాటరీ కారే! ఇక 1914లో పనామా కాలువ తెరిచినప్పుడు, లాకుల్లో ఓడల్ని పక్కనుంచి తాళ్ళతో పట్టి నడిపించడానికి కరెంటు ఇంజన్లు పెట్టారు. వాటికి 'కంచరగాడిదలు' అని ముద్దుపేరు. అక్కడ గాడిద పనిని కరెంటు చేస్తున్ననాటికి, ఇక్కడ కొమ్మమూరు గట్టు మీద మనిషే లాగుతున్నాడు.

మరి ఇంటిని వెంట తీసుకుపోవడమో? అదీ మనకు కొత్త కాదు. మాఘ పౌర్ణమికి సముద్ర స్నానమంటే బాపట్ల చుట్టుపట్ల ఊళ్ళవాళ్ళు గూడుబండ్లు కట్టేవాళ్ళు. బండిలో అడుగున గడ్డి, దాని మీద జంపఖానా, పైన తాటాకు గూడు. వెనక బియ్యం మూట, పప్పు, చింతపండు, పచ్చడి జాడీలు. సూర్యలంక చేరాక సరుగుడు తోపుల్లో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి. ఎడ్లు విప్పితే వాటికి విశ్రాంతి. బండి తోలినవాళ్ళు బండి కిందే తుండుగుడ్డ పరుచుకుని నడుం వాల్చేవాళ్ళు. మరి ఆడవాళ్ళు? ఇల్లు కదిలితే దాంతోపాటు వంటిల్లూ కదులుతుంది కదండీ! ఇసక పడకుండా అన్నం వార్చడానికే వాళ్ళకు పొద్దుగూకేది.

ఇక మావాడి బాటరీ సంగతికి వద్దాం. మనకు కరెంటు బిల్లులో యూనిట్లు తెలుసుగా. పెద్ద ట్రక్కు బాటరీలో నూరు, నూటముప్పై యూనిట్లుంటాయి. నూరు యూనిట్లంటే సుమారు పదకొండు లీటర్ల పెట్రోల్లో ఉన్న శక్తి, అంతే! అయినా మూడొందల మైళ్ళు ఎలా పోతుందంటారా? పెట్రోలు ఇంజను తాగినదాంట్లో చాలా భాగం వేడిగా పారబోస్తుంది. కరెంటు మోటారు పొదుపరి ఇల్లాలు, గింజ వృథా చెయ్యదు. కానీ వెనక ఇల్లు తగిలిస్తే, గోడలాంటి దాని ముఖానికి గాలి అడ్డం పడుతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు. పెట్రోలు బండీ ఈ బాధ పడుతుంది గానీ అయిదు నిమిషాల్లో మళ్ళీ కడుపు నింపుకుంటుంది. బాటరీ బండి ఆగి కూర్చోవాలి. పైగా చార్జింగు చోట్లు చాలావరకు ఒంటి కార్ల కోసం కట్టినవి. వెనక ఇంటిని విప్పి పక్కన పెడితే గాని బండి అందులో పట్టదట.

ఇక్కడే మన పాతకాలం కాస్త తెలివిగలదేమో అనిపిస్తుంది. పడవ లాకు దగ్గర ఆగాల్సిందే. తలుపులు మూసి, నీళ్ళు నిండి, తలుపులు తెరిచేదాకా కదలదు. ఆ ఆగేచోట అటుకులమ్మేవాళ్ళుండేవాళ్ళు, నీడ ఉండేది, నాలుగు మాటలుండేవి. ఎడ్లబండి దారిలో సత్రం, నుయ్యి, రావిచెట్టు ఉండేవి. ఆగక తప్పని ప్రయాణానికి ఆగే చోటును ముందే అమర్చారు మనవాళ్ళు. బాటరీ బండ్లకు రేపు కావలసిందీ అదే. బాటరీ పెద్దది చేసుకుంటూ పోవడంతోనే సరిపోదు, ఇంటితో సహా ఆగి సేదతీరే సత్రాలు కావాలి.

ఇంకొక మార్గం కూడా వెతుకుతున్నారు. ఎయిర్‌స్ట్రీమ్ అని 1930ల నుంచీ ఈ చక్రాల ఇళ్ళు కట్టే కంపెనీ ఉంది. అది 2022లో ఒక నమూనా చూపించింది. అందులో వెనక ఇంటికే సొంత బాటరీ, సొంత మోటార్లు. ట్రక్కు లాగుతుంటే ఇల్లు ఊరికే వేలాడదు, తన వంతు తానూ నడుస్తుంది. ఈ సంగతి వినగానే నాకు ముచ్చటేసింది. కాపురాలకు కూడా ఇలాంటి మోటారొకటి కనిపెడితే బావుండునని!

ఎందుకంటే ఆ ఫోన్లోనే మా కోడలుపిల్ల అందుకుంది. "ఈయన మైళ్ళ గొడవ సరే అత్తయ్యా! ఇందులో కరెంటు పొయ్యి ఉంది, కడగడానికి సింకుంది, అన్నీ ఉన్నాయి. కొండలు చూద్దామని వచ్చి నేను దోసెలు పోస్తున్నాను" అంది. సూర్యలంక ఇసకలో పొగ ఊదిన ఆడవాళ్ళు నా కళ్ళముందు కదిలారు. పొయ్యి మారింది, పొగ పోయింది, చెయ్యి మాత్రం మారలేదు.

అమ్మమ్మ ఇంకొకమాట కూడా చెప్పేది. దారిలో గాలి తిరిగి తెరచాప నిండగానే, సరంగు కేకేసి గట్టు మీది మనుషుల్ని పడవలోకి ఎక్కించుకున్నాడట. అమ్మమ్మ సారె డబ్బా మూత తీసి వాళ్ళిద్దరికీ అరిసెలు పెట్టింది. అత్తవారింటికి చేరకముందే సారె విప్పిందని తర్వాత చీవాట్లు తిన్నదనుకోండి, అది వేరే సంగతి.

గాలి వచ్చినప్పుడు, లాగినవాళ్ళు ఎక్కి కూర్చోవాలి. కరెంటు వచ్చినా అంతే. ఈమధ్య మావాడు మళ్ళీ ఫోన్ చేసి, "పిన్నీ, బండి చార్జింగుకు పెట్టాను, గంట పడుతుంది" అన్నాడు.

"మంచిది నాయనా, ఆ గంటలో దోసెలు నువ్వు పొయ్యి" అన్నాను.