గుర్రానికి ఉన్న వంశావళి

మేం ఇప్పుడు ధారావిలో ఉంటున్నాం గానీ, మా పెద్దలు బొంబాయిలో మొదట దిగింది కామాఠీపురలో. నైజాం ఇలాకా నుంచి కూలికొచ్చిన మన తెలుగోళ్లని ఇక్కడ కామాఠీలు అనేవారు. ఆ పేటకి పేరు అట్లనే వచ్చింది.

అక్కడికి దగ్గర్లోనే 1883 నాటి మహాలక్ష్మి రేసుకోర్సు ఉంది. 1943లో తొలి ఇండియన్ డెర్బీ అక్కడే జరిగితే ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అనే ఆడగుర్రం గెలిచింది. అక్కడ పరుగెత్తేవి థరోబ్రెడ్ జాతి గుర్రాలు. వాటి తండ్రి వరస ఇంగ్లండుకి తెచ్చిన మూడు మగగుర్రాల దాకా పోతుంది: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. 1791లో మొదలైన స్టడ్‌బుక్‌లో తల్లీ తండ్రీ పేర్లు రాసిపెట్టారు. పావు మైలు పరుగుకీ, పశువులు తోలడానికీ పనికొచ్చే అమెరికా క్వార్టర్ హార్స్‌కి కూడా 1940లో సంఘం పెట్టి అట్లాంటి పుస్తకమే తెచ్చారు.

మరి మన సంగతి? మా వంశావళి ముత్తాత పేరు దగ్గరే ఆగిపోయింది. ఆయన రాళ్లు మోసేవాడట, అంతే. అడగాల్సినప్పుడు మేం నానమ్మని అడగలేదు. మీ ఇంట్లో పెద్దోళ్లు ఉంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టి అడగండి. ఊరి పేరు, తల్లుల పేర్లు కూడా రాసుకోండి.