సర్జన్ మెడ మీది బరువు

మైక్రోసర్జరీ చరిత్రలో పేరంతా లెన్సులదే. వాటిని మోసిన స్టాండుకు దక్కాల్సిన గౌరవం దక్కలేదని నా అభిప్రాయం.

1921లో స్టాక్‌హోమ్‌లో చెవి డాక్టర్ కార్ల్ ఒలోఫ్ నైలెన్ తొలిసారి మైక్రోస్కోపు కింద ఆపరేషన్ చేశారు. ఒంటికన్నుతో చూసే ఆ పరికరంలో లోతు అందేది కాదు. మరుసటి ఏడాదే ఆయన విభాగాధిపతి గున్నార్ హోల్మ్‌గ్రెన్ రెండు కళ్లతో చూసే మైక్రోస్కోపును వాడారు. చూపు చక్కబడింది, ఇబ్బంది శరీరానికి మారింది. ఎంత పెద్దది చేసి చూస్తే కనిపించే మేర అంత కుంచించుకుపోతుంది. స్పష్టంగా కనిపించే లోతూ తగ్గుతుంది. వెంట్రుకవాసి కదిలినా దృశ్యం చెదిరిపోతుంది. అందుకే సర్జన్ ఐపీస్‌కు కళ్లు ఆనించి, మెడ వంచి, గంటల తరబడి బిగుసుకుని ఉండాల్సి వచ్చేది.

1953లో జైస్ సంస్థ కోసం హాన్స్ లిట్‌మన్ రూపొందించిన ఓపీఎంఐ 1 అనే మైక్రోస్కోపు కొంత ఊరట ఇచ్చింది. అందులో దృశ్యాన్ని పెద్దది చేసినా చిన్నది చేసినా లెన్సుకూ గాయానికీ మధ్య దూరం మారదు. 1960లో అమెరికాలోని బర్లింగ్టన్‌లో జూలియస్ జాకబ్సన్ మైక్రోస్కోపు సాయంతో సన్నటి రక్తనాళాలను కుట్టి చూపించారు. ఎదురుగా నిలబడే సహాయకుడికీ అదే దృశ్యం కనిపించాలని పట్టుబట్టి, ఇద్దరు చూసే మైక్రోస్కోపును లిట్‌మన్‌తో చేయించుకున్నారు.

ఆ బర్లింగ్టన్‌కే 1965లో జ్యూరిక్ నుంచి వెళ్లారు తుర్కియేలో పుట్టిన న్యూరోసర్జన్ గాజీ యాషర్‌గిల్. పని నేర్చుకుని తిరిగొచ్చాక, 1967 అక్టోబర్ 30న తల చర్మానికి రక్తం తెచ్చే ధమనిని పుర్రె లోపలి మెదడు ధమనికి కలిపి కుట్టారు. అప్పటి మైక్రోస్కోపును కొంచెం జరపాలన్నా పనిముట్టు పక్కన పెట్టి మరలు తిప్పాలి. మెదడు లోతుల్లో పని చేస్తున్న చేతిని మాటిమాటికీ బయటికి తీయడం ఎంత ప్రమాదమో ఆయనకు తెలుసు. అందుకే ఎదురు బరువులతో సమతూకంగా నిలిచే స్టాండుకు రూపమిచ్చారు. దానికి విద్యుదయస్కాంత బ్రేకులు, నోటితో నొక్కే స్విచ్ ఉంటాయి. నోటితో నొక్కగానే బ్రేకులు వదులుతాయి, తల ఎటు కదిపితే మైక్రోస్కోపు అటు తేలిగ్గా జరుగుతుంది. వదలగానే ఉన్నచోటే ఆగిపోతుంది. రెండు చేతులూ రోగి దగ్గరే ఉంటాయి. మెదడు శస్త్రచికిత్సను మార్చిన మలుపు ఇదేనని నేను నమ్ముతాను.

మెడనొప్పి మాత్రం పోలేదు. గత దశాబ్దంలో వచ్చిన ఎక్సోస్కోపులు ఐపీస్‌నే తీసేశాయి. గాయానికి పైన ఒక కెమెరా, ఎదురుగా పెద్ద తెర, కళ్లకు త్రీడీ అద్దాలు. సర్జన్ తలెత్తి, నడుం నిటారుగా పెట్టి కుడతారు. నర్సు, విద్యార్థి, మత్తు డాక్టర్ అందరూ అదే చూస్తారు. చేతులు ఒకచోట, చూపు మరోచోట ఉండే పద్ధతి అలవాటయ్యేందుకు సమయం పడుతుంది. ఖరీదూ ఎక్కువే. ఐపీస్ మైక్రోస్కోపుతోనే పని చేసేవాళ్లు మొదటి కుట్టుకు ముందే కుర్చీ ఎత్తు సరిచూసుకోవాలి, ఐపీస్‌ను మెడకు తగినట్టు వంచుకోవాలి, ముంజేతులకు ఆసరా పెట్టుకోవాలి.