నౌకాదళ అధికారుల హోదా చిహ్నాలు

నౌకాదళంలో ఒక అధికారి ఏ హోదాలో ఉన్నారో చూడగానే తెలిపే గుర్తులు హోదా చిహ్నాలు. భుజకీర్తులు, కోటు చేతుల అంచున కుట్టే జరీ పట్టీలు, నక్షత్రాలు వీటిలో ముఖ్యమైనవి. ఈ పద్ధతి ఎక్కువగా బ్రిటన్ రాయల్ నేవీలో రూపుదిద్దుకుంది. భారత్ సహా అనేక దేశాలు దాన్ని తీసుకుని తమకు తగినట్టు మార్చుకున్నాయి.

తొలి యూనిఫాం

రాయల్ నేవీ అధికారులకు 1748 వరకు యూనిఫాం లేదు. ఎవరికి తోచిన దుస్తులు వారు వేసుకునేవారు. సైన్యంలోని అధికారులకు దక్కే గుర్తింపు తమకూ కావాలని నౌకాధికారులే కోరడంతో ఆ ఏడాది నీలం, తెలుపు రంగుల దుస్తులు ఖాయమయ్యాయి. మామూలు నావికులకు యూనిఫాం రావడానికి మరో వందేళ్లకు పైగా పట్టింది. వారికి అది 1857లో వచ్చింది.

భుజకీర్తులు

జరీ కుచ్చులు వేలాడే భుజకీర్తిని ముందుగా ఫ్రాన్స్ వంటి దేశాల సైనికాధికారులు ధరించారు. 1783లో ఫ్రాన్స్ వెళ్లిన రాయల్ నేవీ అధికారి హొరేషియో నెల్సన్, అక్కడ ఇద్దరు బ్రిటిష్ నౌకాధికారులు భుజకీర్తులు పెట్టుకుని తిరగడం చూశాడు. వాళ్లవి ఆడంబరపు వేషాలని ఓ ఉత్తరంలో ఈసడించుకున్నాడు.

పన్నెండేళ్లు తిరిగేసరికి, 1795లో, రాయల్ నేవీయే భుజకీర్తులను అధికారికంగా ప్రవేశపెట్టింది. రియర్ అడ్మిరల్ భుజకీర్తిపై ఒక నక్షత్రం, వైస్ అడ్మిరల్‌కు రెండు, అడ్మిరల్‌కు మూడు ఉండేవి. మూడేళ్ల సర్వీసు నిండిన క్యాప్టెన్‌కు రెండు భుజాలపైనా, నిండనివారికి కుడి భుజంపైన, కమాండర్‌కు ఎడమ భుజంపైన సాదా భుజకీర్తి ఉండేది. లెఫ్టినెంట్‌కు 1812లో గానీ ఒకటి దక్కలేదు.

1805లో ట్రఫాల్గర్ యుద్ధం నాటికి నెల్సన్ వైస్ అడ్మిరల్. ఆయన ప్రాణం తీసిన తూటా ఎడమ భుజకీర్తిని చీల్చుకుంటూ లోపలికి దిగింది. వైద్యుడు ఆ తూటాను బయటకు తీసినప్పుడు భుజకీర్తి జరీ పోగులు దానికి అంటుకునే ఉన్నాయి. తూటా రంధ్రం పడిన ఆ కోటు నేటికీ గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉంది.

చేతి పట్టీలు, మెలిక

బరువైన భుజకీర్తులు రోజువారీ పనికి అడ్డం. 1856లో హోదా గుర్తు కోటు చేతుల మీదికి దిగింది. క్యాప్టెన్‌కు మూడు, కమాండర్‌కు రెండు, లెఫ్టినెంట్‌కు ఒక జరీ పట్టీ నిర్ణయించారు. 1861లో సబ్ లెఫ్టినెంట్ హోదా ఏర్పడడంతో ఆ ఒక్క పట్టీ వారికి వెళ్లింది. పైవారందరికీ ఒక్కొక్కటి పెరిగి, క్యాప్టెన్‌కు నాలుగయ్యాయి. 1914లో వచ్చిన లెఫ్టినెంట్ కమాండర్ హోదాకు రెండు వెడల్పు పట్టీల మధ్య ఒక సన్న పట్టీ ఉంటుంది.

పై పట్టీని గుండ్రంగా తిప్పి కుట్టే మెలిక మాత్రం ఓడను నడిపించి, యుద్ధం చేయించే శాఖ వారికే పరిమితంగా ఉండేది. 1863 నుంచి మిగతా శాఖలను పట్టీల నడుమ రంగు గుడ్డతో గుర్తించారు. ఇంజనీర్లకు ఊదా, వైద్యులకు ఎరుపు, జీతాలు, లెక్కలు చూసే అధికారులకు తెలుపు. ఆవిరి ఓడలొచ్చాక ఇంజను గది లేనిదే ఓడ కదలదు. అయినా ఇంజనీర్ల పట్టీకి మెలిక లేదు. చూడటానికి అంగుళం జరీయే అయినా, వారికది పరువు సమస్య. మెలిక అన్ని శాఖల అధికారులకూ 1918 నాటికి అందింది. చిహ్నాల చరిత్రలో న్యాయమైన మార్పు ఏదంటే ముందు దీన్నే చెప్పాలి.

ఇతర దేశాల్లో

అమెరికా నౌకాదళంలో పోరాట శాఖ అధికారుల పట్టీల పైన మెలికకు బదులు నక్షత్రం ఉంటుంది. ఫ్రాన్స్‌లో మెలిక లేదు, అక్కడి క్యాప్టెన్‌కు ఐదు పట్టీలు. జపాన్ నేటి నౌకాదళం పట్టీల పైన చెర్రీ పువ్వు పెట్టుకుంది.

భారత నౌకాదళం

1950 జనవరి 26న రాయల్ ఇండియన్ నేవీ భారత నౌకాదళమైంది. చిహ్నాల్లోని బ్రిటిష్ కిరీటం స్థానంలో అశోకుడి సింహాలు వచ్చాయి. పట్టీల లెక్క మారలేదు. 1958లో నౌకాదళాధిపతి అయిన తొలి భారతీయుడు రామ్‌దాస్ కటారి హోదా వైస్ అడ్మిరల్. 1968లో ఎ.కె. చటర్జీ కాలంలో ఆ పదవి పూర్తి అడ్మిరల్ స్థాయికి పెరిగింది.

2023 డిసెంబరులో అడ్మిరల్ శ్రేణి భుజపట్టీలను మార్చారు. శివాజీ రాజముద్ర స్ఫూర్తితో అష్టభుజి ఆకారాన్ని, దాంతోపాటు కత్తి, దూరదర్శినులను అందులో చేర్చారు. రియర్ అడ్మిరల్‌కు రెండు, వైస్ అడ్మిరల్‌కు మూడు, అడ్మిరల్‌కు నాలుగు నక్షత్రాలు ఉంటాయి. విశాఖపట్నం కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళ కమాండ్‌కు వైస్ అడ్మిరల్ అధిపతి.

విశాఖలో తెల్ల దుస్తుల్లో నౌకాధికారి కనిపిస్తే భుజంపై వెడల్పు పట్టీలు లెక్కపెట్టి చూడండి. మూడుంటే కమాండర్, నాలుగుంటే క్యాప్టెన్. ఆ లెక్క 1861 నాటిది.