ఇరువదియైదు గంటల ఇంజను

బొమ్మల కొలువు తెలుగువారికి క్రొత్త కాదు. మెట్లమీద వస్త్రము పరచి, పైన దేవతలను, క్రింద రాజును పరివారమును, ఆ క్రింద కొండపల్లి కొయ్యబొమ్మలను నిలిపి, నేలమీద ఇసుకతో పల్లెటూరు తీర్చుట మన యిండ్లలో ఆడపిల్లలకు వెన్నతో పెట్టిన విద్య. పాశ్చాత్య దేశములలో ఇట్టి కొలువును వయసు మీరిన పురుషులు సైతము ఏండ్ల తరబడి శ్రమించి తీర్చుచుందురు. దానికి వారు డయోరమా అని పేరు పెట్టిరి. ఒక విమానము, దానిచుట్టు నలుగురు మనుష్యులు, ఒక చెట్టు, ఒక నూనె పీపా, ఇంతే సరంజామా. కాని ప్రతి వస్తువును అసలు వస్తువునకు సరియైన పాళ్లలో ఉండవలెనన్నది అందలి నియమము.

ఈ పాళ్లకు చరిత్ర కలదు. అసలు విమానములో ఆరడుగులు నమూనాలో ఒక అంగుళమైనచో అది డెబ్బదిరెండవ వంతు. ఒక అడుగు పావు అంగుళమైనచో నలువదియెనిమిదవ వంతు. 1936లో ఇంగ్లండులో ప్లాస్టిక్ విమానపు బొమ్మలు డెబ్బదిరెండవ వంతు కొలతతోనే అంగడికి వచ్చెను. 1942లో అమెరికా నౌకాదళమువారు, ఆకాశమున పోవు విమానము తమదో శత్రువులదో గుర్తుపట్టుట సైనికులకు నేర్పుటకై, అదే కొలతతో అయిదు లక్షల కొయ్య విమానములను చెక్కి యిమ్మని బడిపిల్లలను కోరిరి. నేడు ఆటవస్తువుగా కనబడునది ఆనాడు యుద్ధ సాధనము. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ కొలతలు మాత్రము వేడుకగా నిలిచిపోయెను.

మేమును కొంతకాలముగా ఈ వేడుకలో పడితిమి. మేము ఎన్నుకొన్నది జర్మనులు రెండవ ప్రపంచయుద్ధమున నడిపిన మెసెర్‌ష్మిట్ 262 అను జెట్ విమానము. యుద్ధమునకు దిగిన తొలి జెట్ విమానములలో ముఖ్యమైనది. ముప్పదిరెండవ వంతు కొలతలో విమానపు బొమ్మ పెట్టెలో దొరకును. కాని దాని ఇంజను కప్పు తెరచి లోపలి యంత్రమును చూపవలెనన్నచో పెట్టెలోని ముక్కలు చాలవు. కావున ఇంజనును మొదటినుండి మా చేతులతోనే తయారుచేయ సంకల్పించితిమి. ప్లాస్టిక్ పలకలు, ఇత్తడి గొట్టములు, రాగితీగ, పలుచని అల్యూమినియము రేకు, ఆకురాయి, కంసాలివారు వాడు శ్రావణము: ఇవి మా ముడిసరుకులును పనిముట్లును.

ఆ ఇంజను పేరు యూమో 004. యుంకర్స్ సంస్థలో ఆన్సెల్మ్ ఫ్రాంజ్ అను ఇంజనీరు నాయకత్వమున 1939లో దాని నిర్మాణమునకు పూనుకొనిరి. అప్పటికే జెట్ ఇంజను భావన రెండు దేశములలో వేరువేరుగా మొలకెత్తియుండెను. ఇంగ్లండులో ఫ్రాంక్ విట్టిల్ 1930లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1937 ఏప్రిల్‌లో తన యంత్రమును నేలమీద నడిపి చూపెను. జర్మనీలో హాన్స్ ఫాన్ ఓహైన్ రూపొందించిన ఇంజనుతో 1939 ఆగస్టు 27న ప్రపంచమున మొదటి జెట్ విమానము ఎగిరెను. విట్టిల్ ఇంజనుతో ఎగిరిన విమానము 1941 మే 15న గాలిలోకి లేచెను. వీరిరువురును గాలిని చక్రపు అంచునకు విసరి అదుము పద్ధతిని అవలంబించిరి. ఫ్రాంజ్ మరియొక త్రోవ త్రొక్కెను. గాలి ఇంజనులో సూటిగా ముందునుండి వెనుకకు పోవుచు, వరుసగా ఎనిమిది రెక్కల చక్రములచేత అదుమబడును. ఆ గాలి ఆరు డబ్బాలవంటి దహనపాత్రలలో ప్రవేశించి, ఇంధనముతో కలిసి మండును. మండిన వాయువులు ఒక టర్బైను చక్రమును త్రిప్పి, వెనుకనుండి వెడలిపోవును. ఆ టర్బైనే ముందరి ఎనిమిది చక్రములను త్రిప్పును. వాయువులు వెడలు ద్వారమున ఉల్లిగడ్డ ఆకారముగల ఒక శంకువు ముందు వెనుకలకు జరుగుచు ద్వారమును సవరించును. ఇంజను ఈడ్పు సుమారు 900 కిలోలు. నేటి పెద్ద ప్రయాణికుల విమానములలో ఇదే సూటి పద్ధతి నడచుచున్నది.

అసలు ఇంజను పొడవు 3 మీటర్ల 86 సెంటీమీటర్లు, వ్యాసము సుమారు 81 సెంటీమీటర్లు. మా కొలతలో అది 12 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర సెంటీమీటర్ల లావు. అనగా బొటనవ్రేలంత లావున నున్న గొట్టము. అందులో టర్బైను చక్రమునకు 61 రెక్కలు. ఎనిమిది సెంటీమీటర్లకు మించని చుట్టుకొలతలో 61 రెక్కలను ఒకే వంపుతో, ఒకే ఎడముతో అతికించుట ఎట్లు? మొదటిసారి జిగురు ఎక్కువై రెక్కలు కరగి ముద్దయ్యెను. రెండవసారి ఎడము తప్పి, చివరి రెక్కకు చోటు చాలలేదు. మూడవసారి కాగితముపై వృత్తము గీచి, దానిని 61 భాగములుగా గుర్తించి, ఆ కాగితమును చక్రముపై అతికించి, గీతగీతకు ఒక రెక్క చొప్పున నిలిపితిమి. అందుకు పదునొకండు సాయంకాలములు పట్టెను.

ముందుభాగమున, గాలి ప్రవేశించు ముక్కులో, ఒక చిన్న వస్తువు మమ్ములను ఆకర్షించెను. అది రెండు సిలిండర్ల చిట్టి పెట్రోలు ఇంజను. పెద్ద ఇంజను తనంత తాను కదలలేదు. దానిని ఈ చిట్టి ఇంజను మొదట త్రిప్పవలెను. ఈ చిట్టిదానిని అవసరమైనపుడు చేతితో త్రాడు లాగి నడుపుటకు ముక్కు కొసను ఒక పిడి కలదు. మన పొలములలో కిరసనాయిలు ఇంజనుకు త్రాడు చుట్టి లాగిన రైతునకు ఇది వింత కాదు. ఆకాశమున అంత వేగముగ పరుగెత్తిన యంత్రము నేలమీద త్రాడు లాగినగాని మేల్కొనకుండుట మాకు నవ్వు తెప్పించెను. ఆ పిడిని సన్నని రాగితీగతో వంచి పెట్టితిమి.

ఇక అసలు ప్రశ్న. కొలువులో ఇంజను కప్పు ఏల తెరచియుండవలెను? చూడ సొంపుగా నుండునని మాత్రమే మేము మొదట తలచితిమి. చరిత్ర చదివిన కొలది, తెరచియుండుటయే ఆ ఇంజనునకు నిత్యస్థితియని తెలిసినది. యూమో 004 ఆయువు పది మొదలు ఇరువదియైదు గంటలు మాత్రమే! అంతలో దానిని విప్పి బాగుచేయవలెను, లేదా మార్చవలెను. అదే యుద్ధమున 1944 జూలైలో సేవకు వచ్చిన ఆంగ్లేయుల మీటియొర్ విమానపు ఇంజను 180 గంటలు నడచిన పిమ్మటగాని విప్పవలసిన పని లేకుండెను.

ఫ్రాంజ్ తెలివి తక్కువై అట్లు జరుగలేదు. నిప్పులో ఎఱ్ఱబారియు బలము కోల్పోని లోహమునకు నికెలు, కోబాల్టు వంటివి కావలెను. మొదటి నమూనా ఇంజనులలో వానిని కొదువలేక వాడిరి. 1942 జూలై 18న ఈ విమానము జెట్ ఇంజనులతోనే మొదటిసారి ఎగిరినది అట్టి నమూనాలతోనే. కాని పెద్దయెత్తున తయారుచేయునప్పటికి జర్మనీలో ఆ లోహములు కరవయ్యెను. దహనపాత్రలను మామూలు ఉక్కుతో చేసి, తుప్పు పట్టకుండ అల్యూమినియపు పూత పూసిరి. టర్బైను రెక్కలను బోలుగా చేసి, లోపలినుండి గాలి పంపి చల్లబరచిరి. నికెలునకు బదులు మాంగనీసుతో మిశ్రలోహము చేసిరి. వైమానికుడు తొందరపడి వేగము పెంచినచో ఇంజను మాడిపోవును, లేదా ఆరిపోవును. యంత్రపు బలహీనత గీతలలో లేదు; లోహములో నున్నది. ఈ పాఠమునకు మన దేశమునను సాక్ష్యము కలదు. అధిక తాపమునకు తాళు మిశ్రలోహములను స్వదేశముననే చేయవలెనని 1973లో హైదరాబాదున మిశ్రధాతు నిగమమును స్థాపించిరి.

మా కొలువు పూర్తియైన దినమున పొరుగింటి పిల్లవాడు వచ్చి చూచెను. చాలసేపు చూచి, "తాతగారూ, ఈ ఇంజను చేసినది ఎవరండీ?" అని అడిగెను. "మేమే" యంటిమి గర్వముగా. "కాదండీ, అసలుది?" అనెను. ఫ్రాంజ్ పేరు చెప్పబోయి ఆగితిమి. వాడు గీసినవానిని గూర్చి అడుగలేదు, చేసినవానిని గూర్చి అడిగెను.

అసలు ఇంజనులను చేసినవారెవరు? జర్మనీలో నార్డ్‌హౌజెన్ చెంత ఒక కొండ కడుపులో త్రవ్విన సొరంగములు కలవు. 1944 నుండి వాని ఉత్తర భాగమున ఈ ఇంజనులు తయారయ్యెను. అచట విదేశములనుండి బలవంతముగ తెచ్చిన కూలీలు పనిచేసిరి. ఆ సొరంగముల ప్రక్కనే డోరా అను నిర్బంధ శిబిరము. 1943 మొదలు 1945 వరకు ఆ శిబిరములకు సుమారు అరువదివేలమంది బందీలను తెచ్చిరి. వారిలో సుమారు ఇరువదివేలమంది ప్రాణములు విడిచిరి. ఈ విమానపు దేహములను ఆస్ట్రియాలోని గూజెన్ శిబిరపు బందీలచేత మరియొక సొరంగమున చేయించిరి. మొత్తముమీద యూమో 004 ఇంజనులు సుమారు ఎనిమిదివేలు తయారయ్యెను. ఇరువదియైదు గంటలకు మించి బ్రదుకని ఇంజను కొరకు మనుష్యుల ఆయువు అంత చవుకగా వ్యయమయ్యెను.

ఇవన్నియు ఆ పిల్లవానికి చెప్పితిమి. వాడు కొలువువంక మరల చూచి, "వారి బొమ్మ ఇక్కడ లేదేమండీ?" అనెను.

నిజమే. మా కొలువులో ఒక వైమానికుడు, ఇద్దరు మరమ్మతుగాండ్రు, ఒక ఫిరు చెట్టు, నూనె పీపాలు ఉన్నవి. గీతలు సరిపోయినవి, పాళ్లు సరిపోయినవి, రెక్కలు 61 సరిపోయినవి. చరిత్ర మాత్రము సరిపోలేదు. విమానము నిలిచిన అడవికిని, ఇంజను పుట్టిన సొరంగమునకును నడుమ ఎంతో దూరము. కావున ఆ కూలీని చెట్టు క్రింద నిలిపినచో అదియు అబద్ధమే యగును.

కొన్ని దినములు ఆలోచించి, కొలువు నిలిపిన చెక్కపీట అంచును కొంచెము పెద్దది చేయించితిమి. దానిపై ఒక ప్రక్క ఇంజను పేరు, దాని ఆయువు గంటలలో వ్రాసితిమి. రెండవ ప్రక్క నార్డ్‌హౌజెన్, గూజెన్ అను రెండు ఊళ్ల పేర్లు వ్రాసితిమి. ఇపుడు చూడవచ్చినవారు మొదట ఇంజను రెక్కలను మెచ్చుకొందురు. తరువాత పీట అంచు చదివి, ఈ ఊళ్లు ఏమిటని అడుగుదురు. మేము చెప్పుదుము.