చీకటిలో చేతి జాడ

ఛాయాచిత్రం తీయడానికి వెలుతురు కావాలన్నది అందరికీ తెలిసిన విషయమే. అయితే చీకటినే ఆసరా చేసుకొని, ఒక చిన్న దీపాన్ని కలంగా పట్టి తీసే చిత్రాలు కూడా ఉన్నవి. వీటిని లైట్ పెయింటింగ్ అంటారు. దీపావళినాడు పిల్లలు కాకరపువ్వొత్తిని గిరగిర తిప్పితే గాలిలో వెలుగు చక్రం కనిపిస్తుంది గదా! మన కంటికి అది క్షణమాత్రం నిలిచి మాయమవుతుంది. కెమెరా షట్టరు తెరచి ఉంచితే ఆ చక్రం యావత్తూ ఫిల్ముమీద నిలిచిపోతుంది. కిటుకంతా ఇంతే. దీని పుట్టుపూర్వోత్తరాలను మా చేతనైనంతలో చదువరుల ముందుంచుతున్నాము. చేతిపనిని నమ్ముకొని బ్రతికిన మన షోలాపురపు తెలుగు కుటుంబాలకు ఇది పరాయి కథ కాదని మా అభిప్రాయం.

ఈ విద్య మొదట వినోదానికి పుట్టలేదు. ఫ్రాన్సు దేశంలో ఎతియెన్ జూల్ మారే అనే శరీరశాస్త్రజ్ఞుడు మనిషి నడకను, పరుగును పరిశీలించడానికి కెమెరాను వాడేవాడు. మనిషికి నల్లని దుస్తులు తొడిగి, కాలుచేతుల వెంబడి తెల్లని గీతలు పెట్టి చిత్రాలు తీశాడు. పిదప 1889లో ఆయనా, ఆయన సహాయకుడు జార్జి దెమెనీ కలిసి మనిషి కీళ్ళకు చిన్న విద్యుద్దీపాలు కట్టి చీకటిలో నడిపించారు. రోగగ్రస్తమైన నడకలో కీళ్ళు ఎట్లా కదులుతున్నవో ఆ వెలుగు గీతలలో తేటపడింది. ఈ తరహా చిత్రాలలో మొట్టమొదటిదిగా దీనినే చెబుతారు.

తరువాత ఈ దీపం కార్మికుని చేతికి ఎక్కింది. అమెరికాలో ఫ్రాంక్ గిల్బ్రెత్ అనే ఆయన 1885లో, పదునేడేండ్ల వయస్సున, ఇటుకలు పేర్చే పనిలో చేరాడు. ఒక ఇటుక పెట్టడానికి మేస్త్రీ వంగడం, లేవడం, తిరగడం అన్నీ కలిపి 18 కదలికలు చేస్తూ ఉంటే, ఇటుకలను నడుమెత్తున ఉంచే ఏర్పాటు చేసి వాటిని 5కు తగ్గించాడని చెబుతారు. ఆయనా, మనస్తత్వశాస్త్రం చదివిన ఆయన భార్య లిలియనూ 1914 ప్రాంతంలో పనివారి వేళ్ళకు చిన్న దీపాలు కట్టి, షట్టరు తెరచి ఉంచి చిత్రాలు తీశారు. దీపం ఆగి ఆగి వెలిగేటట్లు చేస్తే గీత ముక్కలు ముక్కలుగా పడి, చేయి ఎక్కడ వేగంగా పోయిందో, ఎక్కడ తడబడిందో తెలిసేది. ఆ గీతలను చూచి తీగలతో నమూనాలు కూడా చేశారు. శ్రమ తగ్గాలన్నదే తమ ఉద్దేశమని వారు చెప్పేవారు.

కాని కొలత అనగానే కూలివానికి గుండె గుబేలుమనడం సహజం. కదలిక తగ్గితే మిగిలిన శక్తి ఎవరికి చెందాలి? అలసట తగ్గుతుందా, లేక అదే కూలికి పని పెరుగుతుందా? గిల్బ్రెత్ దంపతుల దీపాలకు కొంచెం ముందే, టేలర్ పద్ధతిలో స్టాప్‌వాచీ పట్టి పనిని కొలవడాన్ని ఎదిరించి, 1911లో వాటర్‌టౌన్ ఆయుధాగారంలో పోతపనివారు సమ్మె కట్టారు. ఆ అనుమానం ఊరక పుట్టింది కాదు. ఈ చిత్రాలలో ఇంకొక విశేషం ఉంది. దీపం గీత స్పష్టంగా పడుతుంది. కదిలే మనిషి మసకబారుతాడు, లేదా పూర్తిగా మాయమవుతాడు. మేము రైల్వే గుమాస్తాలము. రాత్రివేళ యార్డులో ఊగే చేతిదీపాన్ని ఎన్నోమారులు చూచాము. ఆ దీపానికి బండి ఆగుతుంది, కదులుతుంది. ఊపేవాని మొగం మాత్రం కనిపించదు.

కళాకారులు ఈ విద్యను చేపట్టినప్పుడు మనిషి పేరు తిరిగి వచ్చింది. 1935లో మాన్ రే తన ఎదుట గాలిలో వెలుగు తీగలు గీసి తన చిత్రం తానే తీసుకున్నాడు. ఆ చిక్కు గీతలలో ఆయన సంతకం దాగి ఉన్నదని 2009లో ఎలెన్ కేరీ అనే ఛాయాగ్రాహకురాలు అద్దం పట్టి చూచి కనిపెట్టింది. అల్బేనియాలో పుట్టి అమెరికాలో విద్యుత్తు ఇంజనీరింగు చదివిన జాన్ మిలీ, 1949లో దక్షిణ ఫ్రాన్సులోని వలోరిస్‌లో పికాసోను కలిశాడు. పికాసో చీకటిలో చిన్న దీపంతో గాలిలోనే బొమ్మలు గీశాడు. మిలీ షట్టరు తెరచి ఉంచి, మధ్యలో ఒక్కసారి ఫ్లాష్ వెలిగించాడు. గీతతోపాటు గీసినవాడూ నిలిచాడు.

ఈ చిత్రం తీయడం ఇంట్లో కూడా సాధ్యమే. కిటికీలు మూసి చీకటి చేయాలి. కెమెరాను కదలని పీటమీద పెట్టి, షట్టరును ఇరవై సెకండ్లు తెరచి ఉంచాలి. ఇప్పటి సెల్‌ఫోన్లలో కూడా కొన్నింటికి ఈ సౌకర్యం ఉంది. దీపం పట్టినవారు నల్లని బట్టలు కట్టుకోవడం మంచిది. కెమెరాకు ఎదురుగా నిలిచి అక్షరాలు రాస్తే అవి అద్దంలో వలె తిరగబడి వస్తవి. చిత్రాన్ని తిప్పి చూచుకుంటే సరి. మన పిల్లలు ఇక్కడ బడిలో మరాఠీ నేర్చుకుంటున్నారు, సంతోషమే. ఇంటి చీకటిలో అ ఆ లు కూడా వెలుగుతో దిద్దిస్తే ఆటకు ఆట, అక్షరానికి అక్షరం.

అంతకంటె ముఖ్యమైన మనవి ఒకటి ఉంది. మన పెద్దలు తెలంగాణానుండి ఈ ఊరికి తెచ్చుకున్న ఆస్తి చేతి నేర్పు. చేతిమగ్గాలున్న చోటికి మరమగ్గాలు వచ్చినవి. నాడె ఆడించిన తాతలు ముసలివారైనారు. ఆకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టే మన అక్కచెల్లెండ్ల వేళ్ళను వేయి బీడీలకింత కూలి అనే లెక్కలోనే లోకం ఎరుగును. ఆ మణికట్టుకు ఒక చిన్న దీపం కట్టి, వారి నేర్పు గీసే గీతను పట్టి ఉంచుదాము. ఇది పని పెంచడానికి పెట్టే కొలత కాదు; జ్ఞాపకం కొరకు. అయితే షట్టరు మూయబోయే ముందు, కాసేపు కదలకుండా కూర్చోమని చెప్పి, మిలీవలె ఒక్కసారి ఫ్లాష్ వెలిగించడం మరువరాదు. చిత్రం క్రింద ఆ తాత పేరు, ఆ అమ్మ పేరు తెలుగులో రాయడం అసలే మరువరాదు.